రక్తపరీక్షతో రొమ్ము క్యాన్సర్ తెలుస్తుందా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన హాస్టల్లో చదువుకున్నవాళ్లలో చాలామందిమి మన ఇళ్లలో మొదటి డిగ్రీవాళ్లం. అమ్మకో, పెద్దమ్మకో ఇంగ్లీషులో రిపోర్టు వస్తే చదివి చెప్పమని మన చేతికే ఇస్తారు. అందుకే బయోకెమిస్ట్రీ చదువుతున్న మేము అలాంటి ఒక రిపోర్టు గురించి ఇక్కడ వివరిస్తున్నాం.

క్యాన్సర్ కణాల నుంచి కొన్ని పదార్థాలు రక్తంలో కలుస్తాయి. వీటిని ట్యూమర్ మార్కర్లు అంటారు. రొమ్ము క్యాన్సర్‌లో ఎక్కువగా చూసేది సి.ఎ. 15-3. ఇది కణం పైభాగంలో ఉండే మ్యూక్-1 అనే ప్రోటీను ముక్క. సాధారణంగా మిల్లీలీటరుకు సుమారు 30 యూనిట్ల లోపు ఉంటే ల్యాబువాళ్లు 'నార్మల్' అని రాస్తారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు రక్తంలో చేరే ముక్కలు చాలా తక్కువ. అందువల్ల తొలిదశలో చాలామందికి రిపోర్టు నార్మల్‌గానే వస్తుంది. మరోవైపు, క్యాన్సర్ లేకపోయినా కాలేయ జబ్బుల వల్ల ఈ అంకె పెరగవచ్చు. కాబట్టి జబ్బును కనిపెట్టడానికి ఇది పనికిరాదు. జబ్బు ఇతర భాగాలకు పాకినవారిలో మందు పనిచేస్తోందా లేదా చూడటానికి ఉపయోగపడుతుంది.

1994లో బి.ఆర్.సి.ఎ.-1, 1995లో బి.ఆర్.సి.ఎ.-2 జన్యువులను గుర్తించారు. వీటినీ రక్తంతోనే పరీక్షిస్తారు. అయితే ఇది వంశపారంపర్యంగా వచ్చే ముప్పును చెబుతుందే గాని, ఇప్పుడు క్యాన్సర్ ఉందో లేదో చెప్పదు. రక్తంలో తిరిగే క్యాన్సర్ డి.ఎన్.ఎ. ముక్కలను బట్టి ముదిరిన జబ్బుకు మందు ఎంచుకునే పరీక్షకు 2023లో అమెరికాలో అనుమతి లభించింది. తొలిదశలోనే పట్టుకునే పరీక్షల కోసం పరిశోధనలు ఇంకా సాగుతున్నాయి.

మరి ఏది ఉపయోగపడుతుంది? ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 1998లో లక్షన్నర మంది స్త్రీలతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు వారిలో సగం మందికి రెండేళ్లకోసారి చేతితో రొమ్ము పరీక్ష చేశారు. 2021లో ఫలితాలు వెలువడ్డాయి. అన్ని వయసులవారినీ కలిపి చూస్తే తేడా స్పష్టంగా తేలలేదు గాని, 50 ఏళ్లు దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి.

కాబట్టి రొమ్ములో గడ్డ, చర్మంపై సొట్ట, చనుమొన నుంచి రక్తం కనిపిస్తే సిగ్గుపడి దాచుకోవద్దని ఇంట్లో చెప్పండి. నొప్పి లేదని వదిలేయనివ్వకండి. మామోగ్రామ్, స్కానింగ్ చేసి, అవసరమైతే సూదితో ముక్క తీసి పరీక్షిస్తేనే సంగతి తేలుతుంది. సి.ఎ. 15-3 రిపోర్టులో 'నార్మల్' అన్న ఒక్క మాట చదివి అమ్మను ఇంటికి తీసుకొచ్చేయకండి. ముందు డాక్టరుకు చూపించండి.