కొమ్ముచెంబు మీద మకరం ఎందుకు?

ఇవాళ మన కబుర్లు అటకమీద గోనెసంచిలో కట్టిపెట్టిన పాత ఇత్తడి సామాను గురించి. అందులో కొమ్ముచెంబు ఉంటే ఒకసారి కిందికి దింపి చూడండి. కొమ్ము మొదట్లో ఒక జంతువు మొహం, మూతమీద ఒక పక్షి, పిడి చివర పాము తల కనిపించవచ్చు. ఇవన్నీ ఉత్త సింగారం కోసమే అనుకుంటాం గానీ, ఒక్కొక్క దానికి ఒక్కొక్క పని ఉందండీ.

చెంబు పొట్ట వేరుగా, కొమ్ము వేరుగా తయారుచేసి తర్వాత అతుకుతారు. ఆ అతుకే చెంబుకి బలహీనమైన చోటు. ఏమాత్రం దెబ్బ తగిలినా ముందు ఊడేది అక్కడే. అందుకని పనివాళ్ళు అక్కడ నోరు తెరిచిన మకరాన్నో, సింహాన్నో పెట్టారు. కొమ్ము ఆ నోట్లోంచి వచ్చినట్టుంటుంది. దళసరి లోహం అతుకు చుట్టూ పట్టు ఇస్తుంది, టంకం మచ్చ కూడా కనపడదు. మూతమీది హంస, ఎత్తడానికి వేళ్ళకు అందే బుడిపె. పిడి పాములా వంపు తిరిగితే చెయ్యి జారదు.

జంతువుల ఎంపికలోనూ అర్థం ఉంది. మకరం గంగమ్మకీ వరుణుడికీ వాహనం. హంస పాలనూ నీళ్ళనూ వేరుచేస్తుందని మన నమ్మకం. శివాలయంలో అభిషేకజలం బయటికొచ్చే సోమసూత్రం చూడండి, చాలాచోట్ల ఆవు మొహమో మకరం మొహమో ఉంటుంది. ఆ ఆలోచనే చిన్నదై ఇంట్లోకి వచ్చింది. ఉద్ధరిణి చివర పడగెత్తిన పాము, పసిపిల్లల ఉగ్గుగిన్నెకి పక్షిముక్కులాంటి మూతి, ఇవన్నీ ఆ కుటుంబంలోవే.

ఇంత సన్నని పని ఎలా చేశారంటారా? ముందు మైనంతో బొమ్మ చేస్తారు. దానిమీద మెత్తని మట్టి పొరలు పొరలుగా పూసి ఆరబెడతారు. వేడిచేస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోసి, చల్లారాక మట్టి పగలగొడతారు. అచ్చు పగిలిపోతుంది కనుక అచ్చంగా అలాంటిది రెండోది రాదు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన ‘మానసోల్లాసం’లో ఈ మైనపు పోత వివరంగా ఉంది.

ఈ సరదా మనకొక్కరికే కాదు. ఈజిప్టులో దొరికిన 8వ శతాబ్దపు కంచు కూజా ఒకటి కైరోలోని ఇస్లామిక్ కళల మ్యూజియంలో ఉంది. దాని మూతి రెక్కలు విప్పి కూస్తున్న కోడిపుంజు. ఐరోపాలో 12 నుంచి 15వ శతాబ్దం దాకా, చేతులు కడుక్కునే పాత్రనే మొత్తంగా సింహంలా పోతపోసేవారు. చర్చిలో పూజారులకీ, భోజనాల దగ్గర ధనికులకీ దాంతోనే చేతులమీద నీళ్ళు పోసేవారు. కాళ్ళు చేతులు కడుక్కోవడానికి నీళ్ళివ్వడం మనకి మాత్రం కొత్త మర్యాదా చెప్పండి!

మన కోనసీమవాళ్ళకి ఈ విద్య దూరమేమీ కాదు. రావులపాలెం దగ్గర వశిష్ఠ దాటి పెరవలి వైపు వెళితే, ఇత్తడి పనికి పేరుపడ్డ అజ్జరం ఉంది.

ఇక మనం చేయవలసింది. పాత ఇత్తడి తూకానికి వేస్తే, మకరానికీ మామూలు రేకుకీ ఒకటే ధర. కరిగించాక మళ్ళీ రాదు. అందుచేత బొమ్మలున్న పాత్రల్ని విడిగా తీసి ఉంచండి. మనకి సముద్రపు గాలి ఎక్కువ, చిలుము తొందరగా పడుతుంది. అలాగని చింతపండూ ముగ్గూ వేసి గట్టిగా తోమితే కళ్ళూ రెక్కలూ అరిగిపోతాయి. పల్చని కుంకుడు రసంతో మెత్తని గుడ్డ పెట్టి తుడిచి, తడి లేకుండా ఆరబెట్టండి. పాత అతుకుల్లో సీసం ఉండవచ్చు, తాగే నీళ్ళకి వాడకండి. కళాయి పోయిన ఇత్తడిలో మజ్జిగా పులుసూ అసలే వద్దు.

ఇంకో రెండు మాటలు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం, నూరేళ్ళు దాటిన ఇటువంటి కళావస్తువుల్ని మనంతట మనం విదేశాలకు పంపకూడదు. అమెరికాలో ఉన్న అమ్మాయి పెట్టెలో సర్దేముందు వయసు కనుక్కోండి. అలాగే కొబ్బరితోటలో గోతులు తవ్వుతుంటే పాత పాత్ర దొరికిందనుకోండి, పది రూపాయలకు మించి విలువ చేసేదైతే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నుంచీ చట్టం ఉంది.

ఈ ఆదివారం అటక ఎక్కించండి ఎవరినైనా. దొరికిన చెంబు ఏ అమ్మమ్మ కాపురానికి తెచ్చుకున్నదో ఇంట్లో పెద్దవాళ్ళనడిగి, ఓ కాగితం మీద రాసి అందులోనే వేసి ఉంచండి. సెలవు.