పట్టణమునకు పల్లె, పల్లెకు పట్టణము

కూరగాయలకును పాలకును హైదరాబాదు నగరము చుట్టుపట్ల పల్లెలపై నాధారపడుచున్నది. ఆ సరకునకు వెల రావలెనన్న, మేడ్చలు, శామీర్‌పేటల రైతునకు నగరపు బజారే దగ్గరి దారి. ఇట్లొకరి యవసర మొకరికి గలిగియున్నను, నడుమ దళారుల చేతులు పెక్కు గలవు.

ఈ లోపమును దీర్చుటకే ప్రభుత్వమువారు 1999 జనవరిలో రైతుబజారులను ప్రారంభించిరి. హైదరాబాదులో ఎఱ్ఱగడ్డ, మెహదీపట్నము మొదలగు చోట్ల నవి వెలసినవి. అధికారులిచ్చు గుర్తింపు చీటి గల రైతు తన పంటను స్వయముగా నచట నమ్ముకొనవచ్చును. ధర టోకు ధరకు మించియు, చిల్లర ధరకు లోబడియు నిర్ణయింపబడును. కావున నమ్మువానికిని గొనువానికిని మేలే.

అయినను రెండు గంపల టమాటాలకై యొక్కొక్కరొక బండి మాటాడుకొన్నచో, వచ్చిన లాభము కిరాయికే చెల్లును. పదిమంది కలిసి యొకే బండిలో బోయినచో నా కిరాయి పదివంతులగును. సహకారమనగా నిదియే.

మఱియొక సంగతి. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి మన రెండు ఊళ్లను దాకుచు బోవుచున్నది. భూమి వెల పెరిగి చేలు ఇండ్ల స్థలములగుచున్నవి. ఒకప్పుడు పేరుగాంచిన ద్రాక్షతోటలు చాలవఱకు మాయమైనవి. చేను నమ్మిన సొమ్మొకమారే వచ్చును. పంట యేటేట వచ్చును. అమ్ముకొనుట తప్పని మేమనము. లెక్క చూచుకొనుడని మాత్రము కోరుచున్నాము.

నగరమును బోషించు పల్లెల చెరువులలోనికి మురుగు రానీయకుండుట నగరము విధి. ఆ మాట యొంటిరైతు చెప్పిన వినబడదు. సంఘము చెప్పిన వినక తప్పదు.