సంఘం కంప్యూటరు వింతగా ప్రవర్తిస్తే ఏమి చేయాలి?

పూర్వం పాల లెక్క సభ్యుని పుస్తకంలోను, సంఘం రిజిష్టరులోను ఉండేది. నేడు అనేక సంఘాలలో లీటర్లు, వెన్న శాతం, చెల్లించవలసిన సొమ్ము అన్నీ కంప్యూటరులోనే ఉంటున్నవి. అది పాడైతే ఇబ్బంది కార్యదర్శి ఒక్కరికే కాదు, పాలు పోసిన ప్రతి సభ్యునికీను.

బొబ్బిలి ప్రాంతపు కార్యదర్శి ఒకరు మమ్ములను ఇలా అడిగారు: “బ్రౌజరు తెరిస్తే ఏవేవో ప్రకటనలు వస్తున్నాయి. ఒకటి వెదికితే వేరొకటి కనబడుతోంది. వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి అని బెదిరిస్తోంది. కంప్యూటరు మార్చేయాలా?”

అక్కరలేదు. పశువు మేత మానగానే గాలికుంటు అనుకోము. ముందు నోరు, గిట్టలు చూస్తాము. ఇక్కడ కూడ వరుసగా చూడాలి.

1. బెదిరించే పేజీలోని నంబరుకు ఫోన్ చేయరాదు. అది మోసగాళ్ళది. ఆల్ట్, ఎఫ్4 మీటలు కలిపి నొక్కి బ్రౌజరును మూసివేయాలి.

2. తెర మూలన ప్రకటనలు వస్తుంటే, ఎప్పుడో మనమే ‘అలో’ నొక్కి ఉండవచ్చు. బ్రౌజరు సెట్టింగులలో నోటిఫికేషన్ల అనుమతి తీసివేయాలి.

3. వెదికినది వేరొక చోటికి పోతుంటే, మనకు తెలియని ఎక్స్‌టెన్షన్లను తొలగించి, బ్రౌజరును రీసెట్ చేయాలి.

4. అప్పటికీ తగ్గకపోతే, ఇటీవల చేరిన తెలియని ప్రోగ్రాములను తొలగించి, విండోస్ సెక్యూరిటీతో పూర్తి స్కాన్ చేయించాలి. బ్యాంకు పాస్‌వర్డును వేరొక మంచి కంప్యూటరు నుండి మార్చాలి.

ఇవి చాలావరకు చికాకులే. కాని దస్త్రాలకు తాళం వేసి సొమ్ము అడిగే వైరస్ వేరు. 2017 మే నెలలో ‘వాన్నక్రై’ అనే అటువంటి వైరస్ 150కి పైగా దేశాలలో వ్యాపించింది. మన రాష్ట్రంలో శ్రీకాకుళం, విశాఖపట్నం, చిత్తూరు తదితర జిల్లాలలో కొన్ని పోలీసు కంప్యూటర్లకు సోకింది. తాళం తీయడానికి 300 డాలర్లు అడిగింది. విండోస్‌లో అది దూరిన లోపానికి మైక్రోసాఫ్ట్ సంస్థ మార్చిలోనే సవరణ ఇచ్చింది. సవరణ వేసుకొనని యంత్రాలే చిక్కినవి. వానలకు ముందే గొంతువాపు టీకా వేయించినట్లు, అప్‌డేట్లను వాయిదా వేయక చేయించాలి. విండోస్ 10కి సాధారణ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయినవని గమనించగలరు.

దస్త్రాలు తెరుచుకోక, సొమ్ము అడిగే ప్రకటన కనబడితే వెంటనే ఇంటర్నెట్ తీగ ఊడదీయాలి. సొమ్ము కట్టరాదు, కట్టినా దస్త్రాలు తిరిగి వస్తాయన్న నమ్మకం లేదు. పోలీసులకు ఫిర్యాదు చేయాలి. ఎవరైనా మోసగించి ఖాతాలోని సొమ్ము కాజేస్తే 1930 నంబరుకు ఆలస్యం లేకుండా ఫోన్ చేయాలి.

అన్నిటికన్న ముఖ్యమైనది నకలు. ప్రతి బిల్లు పూర్తికాగానే లెక్కలను వేరొక హార్డ్ డిస్కులోకి ఎక్కించి, దానిని ఊడదీసి బీరువాలో పెట్టాలి. తగిలించి ఉంచితే దానికీ తాళం పడుతుంది. ఒక ప్రతి కాగితం మీద కూడ ఉండాలి.

సభ్యులు తమ పాల చీటీలను జాగ్రత్త చేసుకోవలెను. ఈసారి సర్వసభ్య సమావేశంలో “మన లెక్కల నకలు ఎక్కడ ఉన్నది?” అని తప్పక అడగవలెనని మా మనవి.