వార్తల్లో పదం: ఐపీ నిరోధం

వికీపీడియాలో ఖాతా తెరవకుండా వ్యాసాన్ని దిద్దినవారి పేరుకు బదులు, వారి అంతర్జాల అనుసంధానానికి గుర్తుగా ఉండే సంఖ్య, అంటే ఐపీ చిరునామా, మార్పుల చరిత్రలో నమోదయ్యేది. ఆ చిరునామా నుంచి పదే పదే చెత్త రాతలు వచ్చిపడుతున్నప్పుడు, విజ్ఞాన సర్వస్వపు విశ్వసనీయతను కాపాడేందుకు నిర్వాహకులు అక్కడి నుంచి మార్పులు జరగకుండా కొంతకాలం ఆపివేయడాన్నే ఐపీ నిరోధం అంటారు.

ఈ ఏర్పాటు ఎక్కడ బెడిసికొడుతుందో ఖతర్‌లో తేలింది. అప్పట్లో క్యూటెల్ సంస్థ ద్వారా నడిచే ఆ దేశపు అంతర్జాల రాకపోకలు దాదాపు అన్నీ ఒకే చిరునామా గుండా సాగేవి కనుక, 2007 నూతన సంవత్సర వేళ ఆంగ్ల వికీపీడియాలో 82.148.97.69 అనే సంఖ్యను నిరోధించగానే, ఎవరో చేసిన తప్పుకు మెసైమీర్ అనే ప్రాంతపు నివాసి మొదలుకొని దేశంలో ఖాతా లేనివారెవరూ ఒక్క అక్షరదోషాన్నైనా సరిదిద్దలేని స్థితి ఏర్పడింది. చదవడానికి ఆటంకం లేదు. నిరోధాన్నీ కొద్ది గంటల్లోనే తొలగించారు. అయినా దేశం మొత్తాన్నీ వెలివేశారన్న వార్త ప్రపంచమంతా పాకింది.

విశ్వసనీయత విషయానికొస్తే, 2005లో నేచర్ పత్రిక 42 వైజ్ఞానిక అంశాలను నిపుణులచేత పరిశీలింపజేసినప్పుడు వికీపీడియాలో వ్యాసానికి సుమారు 4, బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలో సుమారు 3 పొరపాట్లు కనిపించాయి. ఆ పద్ధతిని బ్రిటానికా తప్పుబట్టింది. ఏదేమైనా, వికీపీడియాలో పొరపాటును సరిదిద్దేది దాన్ని గమనించిన పాఠకుడే కాబట్టి, స్థానిక విషయాలు ఎరిగినవారిని గంపగుత్తగా ఆపడం విశ్వసనీయతకే చేటు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా వంటి చిన్న సముదాయాలకు ఆ నష్టం మరింత ఎక్కువ.