ఒకటో తారీఖు లేని ఉద్యోగం

మన యిళ్ళలో ఉద్యోగం పోయినవాడి మీద జాలి పడతారు గాని, తనంతట తాను మానుకున్నవాణ్ణి మాత్రం క్షమించరు. పన్నెండేళ్ళు బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి, యిక ఆటల గురించి రాసుకుని బతుకుతానని బయటికి వచ్చినప్పుడు నాకీ సంగతి బాగా తెలిసివచ్చింది. "ఆట చూడటానికి టిక్కెట్టు కొనేవాళ్ళున్నారు గాని, చూసినందుకు డబ్బిచ్చేవాళ్ళు కూడా వుంటారా నాయనా?" అన్నారు మా మామగారు.

చూసినందుకు ఎవరూ యివ్వరు, నిజమే. పెద్ద క్రికెట్ మ్యాచిని యింటింటా టీవీలోనో సెల్‌ఫోనులోనో అందరూ చూస్తూనే వుంటారు. పత్రికలకు వాటి విలేకరులు వుండనే వున్నారు. ఏ పత్రికకూ చెందనివాడికి అక్కడ పాసు దొరకడమే గగనం. అందుచేత స్వతంత్రంగా రాసేవాడు అందరూ వున్నచోట కాదు, ఎవరూ లేనిచోట వుండాలి.

కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం అందుకున్న మొదటి భారతీయ మహిళ ఆమె. దానితో ఆమదాలవలస పేరు దేశమంతా మోగింది. కాని, 1994లో, 1995లో కూడా ఆమె ప్రపంచ విజేతే! ఆ సంగతి అప్పట్లో ఎన్ని యిళ్ళకు తెలుసు? వరంగల్లు జిల్లా కల్లెడ పిల్ల జీవాంజి దీప్తి 2024 మే నెలలో జపానులోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకండ్లలో పరుగెత్తి, పారా అథ్లెటిక్స్‌లో తన తరగతికి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. చాలామంది ఆమె పేరు విన్నది సెప్టెంబరులో, పారిస్‌లో కాంస్యం వచ్చాకనే. ప్రతిభకూ ప్రఖ్యాతికీ మధ్య వుండే ఆ ఖాళీలోనే నాబోటివాడికి పని.

పని వుంటుంది సరే, పైకం? వ్యాసం అచ్చయిన మూడు నెలలకు వస్తే త్వరగా వచ్చినట్టే. అందుకే ఏడాది యింటిఖర్చు విడిగా దాచి, అందరికీ ఆరోగ్య బీమా కట్టేదాకా మా ఆవిడ నన్ను రాజీనామా యివ్వనివ్వలేదు. వెళ్ళిన ప్రతి వూరి నుంచీ ఒక వార్త, ఒక పెద్ద వ్యాసం, ఒక ప్రసంగం తయారుచేసుకుంటేనే రైలుఛార్జీలు గిట్టుబాటవుతాయి.

రెండో ఏడు ఒక బాలికల పోటీలకు వెళ్ళాను. నిర్వాహకులు ఒక కవరు చూపించి, "నాలుగు మంచిమాటలు రాయండి" అన్నారు. ఆడపిల్లలు బడి వరండాలో కటికనేల మీద పడుకున్నారు. స్నానాలకు చాటు లేదు. ఆ నెలలోనే మా పిల్లల ఫీజులు కట్టాలి. కవరు ముట్టుకోకుండా వచ్చి, వరండా సంగతే రాశాను. మరుసటేడు వాళ్ళు పిలవలేదు. మా ఆవిడ వ్యాసం రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా ఆ నెల పాలు అరలీటరు తగ్గించింది. ఎవరి జీతగాణ్ణీ కానన్న మాటకు అర్థం నాకు ఆ అరలీటరుతో తెలిసింది.

ఈ దారిన రావాలనుకునే కుర్రవాళ్ళకు ఒక్క మాట. ఉద్యోగం అప్పుడే మానకండి. ఏడాదిపాటు ప్రతి ఆదివారం మీ జిల్లా మైదానానికి వెళ్ళి, పేరులేని ఆటగాళ్ళ పేర్లు రాసుకోండి. ఆ ఆదివారాలు బరువనిపించకపోతే, రాజీనామా సంగతి అప్పుడు యింట్లోవాళ్ళతో కూర్చుని మాట్లాడవచ్చు.