టోకెన్ పడ్డది, పైసలు పడలే.. ఎందుకు?

మొన్న మా ఊరి తమ్ముడొకడు ఫోన్ చేసిండు. డిగ్రీ అయిపోయి ఏడాదైంది. నౌకరికి సర్టిఫికెట్లు కావాలని కాలేజీకి పోతే, "ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలే, నువ్వే కట్టి తీస్కపో" అన్నరట. "అన్నా, బడ్జెట్ల పెట్టినమన్నరు, టోకెన్ సుత పడ్డదన్నరు. మరి పైసలు ఏడున్నయ్?" అని అడిగిండు. గా ప్రశ్నకు జవాబు కావాలంటే సర్కారు పైసలు నడిచే తొవ్వ తెల్వాలె.

ముందుగాల ఒక మాట. బడ్జెట్ అంటే సందుకల ఉన్న పైసలు కాదు. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాక గింత రావొచ్చు, గింత ఖర్చు పెడ్తమని ఏసుకునే అంచనా. రాజ్యాంగంల 202వ అధికరణం ప్రకారం గీ లెక్కను ఏటా అసెంబ్లీ ముందల పెట్టాలె. శాఖలవారీగా పద్దుల మీద చర్చ చేసి ఓటేస్తరు. ఆఖరికి ద్రవ్య వినిమయ బిల్లు పాసైతది. అది చట్టం కాకుంటే సర్కారు ఖజానాలకెళ్లి ఖర్చుకు పైసలు తియ్యనీకి లేదు.

ఒక్క ఏడాదికి మూడు లెక్కలు

ప్రతి ఏడాదికి మూడు లెక్కలుంటయ్. మొదటిది అంచనా. ఏడాది చివర్ల చెప్పేది సవరించిన అంచనా. ఇంకో ఏడాది పోయినంక బడ్జెట్ పుస్తకంల వచ్చేది అసలు లెక్క. టీవీల మోగేది మొదటిదొక్కటే.

తెలంగాణనే చూడున్రి. 2023-24కు బడ్జెట్ 2,90,396 కోట్లని 2023 ఫిబ్రవరిల చెప్పిన్రు. ఏడాది తిరిగినంక, సర్కారు మారినంక, 2024 ఫిబ్రవరిల అదే ఏడాదికి సవరించిన అంచనా 2,24,625 కోట్లన్నరు. తేడా 65,771 కోట్లు. వంద రూపాయలనుకున్న కాడ 77 రూపాయలకు దిగింది. ఏ పార్టీ ఉన్నా రాబడి ఎక్కువ రాసుకునుడు, పెద్ద బడ్జెట్ అని చెప్పుకునుడు అలవాటైంది.

మరి తక్కువ పడితే కోత ఎవరికి? జీతాలు, పింఛన్లు, అప్పుల మిత్తి ఆపనీకి రాదు. ఆపనీకి వచ్చేటియి స్కాలర్‌షిప్పులు, హాస్టల్ బిల్లులు, ఊర్ల మోరీల పనులు. గట్టిగ అడగలేనోళ్ల మీదనే కత్తెర పడ్తది.

పైసలు నడిచే తొవ్వ

బడ్జెట్ల పద్దు ఉన్నంత మాత్రాన శాఖ ఖర్చు పెట్టలేదు. ఆర్థిక శాఖ బడ్జెట్ విడుదల ఉత్తర్వు ఇయ్యాలె. దీన్నే ఆఫీసులల్ల బీఆర్‌ఓ అంటరు. అదొచ్చినంక సంబంధిత అధికారి బిల్లు చేసి ట్రెజరీకి పంపుతడు. బిల్లు పెడితే టోకెన్ నంబర్ పడ్తది. ట్రెజరోళ్లు కాగితాలు చూస్తరు. బిల్లు పాసైనా పైసలు పడవు. ఆర్థిక శాఖ సై అంటేనే రిజర్వ్ బ్యాంకు ఈ-కుబేర్ ద్వారా ఖాతాల జమైతది.

గందుకే టోకెన్ అంటే యూరియా కోసం చెప్పులు లైన్ల పెట్టినట్టే. మన వంతు ఉన్నది, లారీ రాలే. ఇంకో బాధేందంటే, గీ లైన్ల ఎవరి చెప్పులు ముందలికి జరిగినయో మనకు కనబడది. ఊరోళ్లు కట్టిన ఇంటి పన్ను సుత ట్రెజరీలనే జమైతది. అప్పు తెచ్చి పనులు చేసిన మాజీ సర్పంచులు బిల్లుల కోసం తిరిగింది గీ లైన్లనే.

మార్చి 31 రాత్రి దాటితే ఖర్చు కాని కేటాయింపు మామూలుగా రద్దయితది. దీనికి ఒక మినహాయింపున్నది. ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధికి 2017ల తెలంగాణ చట్టం చేసింది. గా నిధిల మిగిలిన దాన్ని వచ్చే ఏడాది కలిపి ఇయ్యాలని అందుల ఉన్నది. చట్టం ఉన్నది, లెక్క అడిగేటోళ్లు కావాలె.

లెక్క చూసేదెవరు?

కాగ్ ఆడిట్ చేస్తది. ఆ రిపోర్టును గవర్నర్ అసెంబ్లీ ముందల పెట్టిస్తడు. ప్రజా పద్దుల కమిటీ దాని మీద అధికారులను పిలిచి అడుగుతది. గానీ అది వచ్చేసరికి ఏండ్లు గడుస్తయ్. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టు అయితది. అందుకే మనమే ఏడాది నడుమల చూడాలె. కాగ్ వెబ్‌సైట్ల రాష్ట్రాల రాబడి, ఖర్చు లెక్కలు నెలనెలా పెడ్తరు. ఫోన్ల రీల్స్ చూసే టైంల పది నిమిషాలు చాలు.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టున్రి. ఊరి ఆఫీసుకైతే ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజులల్ల జవాబియ్యాలె. నాలుగు ముచ్చట్లు అడగున్రి: ఈ ఏడు ఈ పద్దుకు ఎంత పెట్టిన్రు? బీఆర్‌ఓ ఎంతకు, ఏ తారీఖున ఇచ్చిన్రు? ఎంతకు బిల్లులు చేసిన్రు? ఎన్ని టోకెన్లు ఆగినయ్, ఎప్పటిసంది?

నేనడిగేది పెద్ద కోరిక కాదు. ఆగిన టోకెన్ల జాబితా తారీఖుల వారీగా అందరికీ కనబడేటట్టు పెట్టాలె. ముందుగాల పడ్డ టోకెన్‌కు ముందుగాల పైసలియ్యాలె. పైసలు లేకుంటే లేవని చెప్పాలె. మా తమ్ముడు నేను చెప్పింది విని దరఖాస్తు రాసిండు. వాని సర్టిఫికెట్ ఇంకా కాలేజీ బీరువాలనే ఉన్నది. గానీ ఇప్పుడు ఎవర్ని, ఏమని అడగాల్నో వానికి తెలుసు.