శ్రీ వరి: ముందు పది సెంట్లలో వేసి చూడండి

1983లో మడగాస్కర్‌లో పుట్టిన శ్రీ వరి, 2003 ఖరీఫ్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పొలాల్లోకి వచ్చింది. ఎకరానికి 2 కిలోల విత్తనం, 8–12 రోజుల నారు, 25 సెంటీమీటర్ల ఎడం, కుదురుకి ఒక్క మొక్క. ఇదంతా విన్నదే. మరి చిన్న రైతు ఎందుకు వెనకాడుతున్నాడు?

నేను చూసినంతలో అసలు అడ్డం కలుపు. పొలంలో నీళ్లు నిలగట్టం కాబట్టి కలుపు ఎగబడుతుంది. నాటిన 10 రోజులకి మొదలుపెట్టి, 10 రోజులకోసారి వీడర్ తిప్పాల్సిందే. తిప్పితే కలుపు మట్టిలో కలిసి ఎరువవుతుంది. అదును తప్పితే పంటనే మింగేస్తుంది. రెండెకరాల రైతుకి ఆ పంటే ఏడాది తిండి. అతని భయంలో న్యాయం ఉంది.

అందుకే నేను చెప్పేది: నీరు పెట్టడం, తీయడం మన చేతిలో ఉండే పది సెంట్ల మడి ఒకటి ఎంచుకోండి. పక్క మడిలో మామూలుగా నాటండి. నలుగురు కలిసి ఒక వీడర్ కొనుక్కుని, రెండేసి రోజుల తేడాతో నాట్లు వేసుకోండి. అప్పుడు ఒకరి పని ఒకరికి అడ్డం రాదు. కోతకొచ్చాక ఒక్కో మడిలో సెంటుకి ఎంత పండిందో తూచండి, కూలి ఖర్చు రాసుకోండి. వచ్చే ఏడు ఎంత వేయాలో ఆ లెక్కే చెబుతుంది.

వీడర్ రెండు వైపులా ఎలా తిప్పాలో వీడియోలో చూపించాను, చూడండి.